దిద్దుబాటు పక్కన సంతకం

ప్రియమైన అన్నయ్యకి,

ఆ కాగితంలో నా వయసు ఎందుకు దిద్దావు?

ముప్పై ఏళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న ప్రశ్న ఇది. నువ్వు జైలు నుంచి వచ్చిన రోజే అడుగుదామనుకున్నాను. చెప్పులు విప్పడానికి కూడా ఎవరో ఒప్పుకోవాలన్నట్టు నువ్వు గుమ్మంలో నిలబడిపోయావు. అది చూశాక అడగలేకపోయాను. ఇప్పుడు కూడా ఎదురుగా అడిగే ధైర్యం లేకే ఉత్తరం రాస్తున్నాను.

'మందుల గోడౌన్ కాపలాదారుని కొట్టి చంపింది నేనే' అని నీ పేరుతో రాసిన ఆ నాలుగు పేజీలు నా దగ్గరున్నాయి. రాసింది ఇన్‌స్పెక్టరు, సంతకం నీది. మూడో పేజీలో 'నాకు పదకొండేళ్ళ చెల్లెలు ఉంది' అన్నచోట పదకొండు కొట్టేసి, పదమూడు అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టావు. కొట్టి, చదవనివ్వకుండా సంతకం పెట్టించారని కోర్టులో నువ్వు చెబితే, ఆ ఇన్‌స్పెక్టరు దాన్నే పైకెత్తి చూపించి, "చదవకుండా సంతకం చేసినవాడు చెల్లెలి వయసు ఎలా దిద్దుతాడండీ?" అన్నాడు. నాన్న ఇంటికొచ్చి నీ ఫోటో తీసి బీరువా మీద బోర్లా పెట్టేశారు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నిన్ను చూడటానికి రాలేదు. అమ్మ అడిగితే, "కొట్టి రాయించుకుంటే ఎవడైనా వయసులు సరిచూస్తాడా?" అనేవారు. నిన్ను లోపల ఉంచిన మేకు నా వయసేనని నాకు అప్పుడే తెలుసు.

నేను క్రిమినల్ జస్టిస్‌లో ఎం.ఏ.కి చేరానంటే నువ్వు సంతోషించావు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ప్రమోషన్ కోసమని అందరికీ చెప్పాను. మీ బావగారు, "నలభై మూడేళ్ళకి హోంవర్కేమిటి తల్లీ, పిల్లది నీ పుస్తకాలకి అట్టలు వేస్తోంది" అని ఇప్పటికీ ఏడిపిస్తున్నారు. కానీ నేను చేరింది అధ్యాపకుల జాబితాలో ఆ ఇన్‌స్పెక్టరు పేరు చూసి. రిటైరయ్యాక సాయంత్రం క్లాసులు చెబుతున్నాడు. ఎప్పుడూ సిరా పెన్నే వాడతాడని పిల్లలు వాడికి సిరాబుడ్డి అని పేరు పెట్టారు. ఇంట్లో వాడు అంటాను, కాలేజీలో సార్ అంటాను. మొదటి వరసలో కూర్చుంటాను. నా ఇంటిపేరు మారిందిగా, గుర్తుపట్టలేదు.

పోయిన వారం నీ జవాబు వాడి నోట విన్నాను. వాంగ్మూలం ఎలా రాయాలో చెబుతూ, "మనిషి తన మీద అబద్ధం రాసినా భరిస్తాడు, తనవాళ్ళ మీద తప్పు రాస్తే ఊరుకోడు. అందుకని ఇంటివాళ్ళ సంగతిలో ఒక తప్పు పెట్టండి. వాడే పెన్ను అడుగుతాడు" అన్నాడు. కళ్ళద్దాల అమ్మాయి ఒకతె లేచి అది మోసం కాదా అంటే, చదివాడనడానికి అంతకంటే సాక్ష్యం ఉండదన్నాడు. ఆ కిటుకు ఇంట్లో నేర్చుకున్నాడట. కూతుర్ని బడిలో వేసేటప్పుడు ఐదేళ్ళకి బదులు నాలుగని రాస్తే, ఆ పిల్ల పెన్ను లాక్కుని గీతలు పెట్టేసిందట. క్లాసంతా నవ్వింది. నేను ఒక్క ముక్క వదలకుండా నోట్సు రాసుకున్నాను.

నిన్ను దేనితో పట్టుకున్నాడో ఇప్పుడు తెలిసింది. థీసిస్‌కి వాణ్ణే గైడ్‌గా ఎంచుకున్నాను.

నీ చెల్లి

*

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వు జవాబు రాయలేదు. ఫోన్‌లో కూడా వాతావరణం గురించే మాట్లాడావు. సరే, విను.

పాత రికార్డుల గదిలో నాలుగు నెలలు దుమ్ము తిన్నాను. ఆ స్టేషన్లో వాడు ఉన్న ఏళ్ళవి నలభై ఒక్క ఫైళ్ళు దొరికాయి. పదిహేడింటిలో దిద్దుబాట్లు ఉన్నాయి. పదిహేడూ ఇంటివాళ్ళ సంగతుల్లోనే. ఒకడు కూతురు చదివే తరగతి సరిచేశాడు. ఒకడు భార్య పుట్టినూరు సరిచేశాడు. చనిపోయిన తల్లిని బతికున్నట్టు రాస్తే, ఇంకొకడు ఆ లైను ఎంత గట్టిగా కొట్టేశాడంటే కాగితం చిరిగింది. ఆ చిరుగు అంచులు వేళ్ళతో దగ్గరికి చేర్చాను. రికార్డుల గుమాస్తా ఎదురుగా వచ్చి నిలబడి, "ఏమ్మా, తెలిసినవాళ్ళా?" అని అడిగాడు. అవునన్నాను.

ఇదంతా నాలుగో అధ్యాయంలో పెట్టాను. పేర్లు రాయకూడదని నిబంధన కనుక నువ్వు 'పదిహేడో కేసు'వి, వాడు 'ఒక అధికారి'. కానీ సిరాబుడ్డి ఎవరి థీసిసూ చదివినట్టు గుర్తు మిగల్చడు. మొదటి పేజీ తిప్పి, నా పర్యవేక్షణలో జరిగిందన్న చోట సంతకం పెట్టి ఇచ్చేస్తాడు. రేపు గొడవైతే నేను చదవలేదంటాడు. అలా తప్పించుకోనిస్తానా? కిటుకు ఎక్కడ పుట్టిందో చెబుతూ నూట పన్నెండో పేజీలో, 'ఆ అధికారి కూతురికి అప్పుడు ఏడేళ్ళు' అని రాశాను. కావాలనే రాశాను అన్నయ్యా. తప్పు అంత తీరుబడిగా, అంత అందంగా నేనెప్పుడూ రాయలేదు.

చిత్తుప్రతి నిన్న తిరిగొచ్చింది. మొదటి పేజీలో సంతకం ఉంది. నూట పన్నెండులో ఏడు కొట్టేసి, ఐదు అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. నీలం సిరా. ఎవరూ అడక్కుండానే, అలవాటు కొద్దీ.

బస్సులో ఆ పేజీ చూసుకుని నవ్వుతుంటే పక్క సీటావిడ ఏదో శుభవార్త అనుకుని తనూ నవ్వింది. ఆ పేజీని థీసిస్ చివర అనుబంధంగా జతచేస్తాను. మౌఖిక పరీక్షకి బయటి పరీక్షకులు వస్తారు. వాళ్ళ ముందు దాన్ని పైకెత్తి, వాడు కోర్టులో అన్న మాటే వాడికి అప్పజెబుతాను: చదవకుండా సంతకం చేసినవాడు కూతురి వయసు ఎలా దిద్దుతాడండీ? ఆ క్షణంలో వాడి మొహం ఎలా ఉంటుందో రోజూ ఊహించుకుంటున్నాను. వాడి క్లాసులు పోవాలి. ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు ఒక్కడూ వాడికి తలుపు పట్టుకోకూడదు. వాడింట్లో కూడా ఒక ఫోటో బోర్లా పడాలి.

ఆ చివరి వాక్యం మళ్ళీ చదువుకున్నాను. వాడి కూతురికి ఇప్పుడు ముప్పై అయిదు ఉంటాయి. కానీ కొట్టేయడం లేదు.

నీ చెల్లి

*

అన్నయ్యా,

ఆదివారం నువ్వొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి నేను నాలో లేను.

నాలుగో అధ్యాయం నువ్వు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, వేలు పెట్టుకుని లైను లైనూ చదివావు. నేను పొయ్యి దగ్గర నిలబడి నీ మొహమే చూస్తున్నాను. ఏడుస్తావనో, మెచ్చుకుంటావనో ఎదురుచూశాను. నువ్వు మాత్రం కాగితాలు సర్ది, "సైకిలు సంగతి రాయలేదేమే?" అన్నావు.

ఏ సైకిలు అన్నాను.

"రెండో పేజీలో ఉంది కదే, గోడౌన్‌కి సైకిలు మీద వెళ్ళి, సైకిలు మీదే పారిపోయానని. నాకప్పుడు సైకిలొచ్చా?"

గరిటె ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. నాన్న సీటు పట్టుకుని వీధంతా పరిగెత్తించినా, రెండు వేసవుల్లో నువ్వు నేర్చుకున్నది పడటం ఒక్కటే. పక్కింటి పూలకుండీలన్నీ పగిలింది నీ పుణ్యమే. పిల్లలందరూ నిన్ను కాలినడక అని పిలిచేవాళ్ళు. జైలు నుంచి వచ్చాక కదా నీకు సైకిలొచ్చింది, అదీ నేను వెనక క్యారేజీ పట్టుకుంటే. పట్టుకున్నది నేనే అన్నయ్యా. ఆ కాగితం కనీసం వందసార్లు చదివాను. ఒక్కసారీ కనబడలేదు. ఇన్నేళ్ళుగా నిన్ను సైకిలు మీదే చూస్తున్నాను కనుక అని సర్దిచెప్పుకోబోయాను. అది కాదు. నేను కూడా నాన్నలాగే ఆ పొట్టి సంతకం దగ్గరే ఆగిపోయాను.

"నీ వయసు తప్పు చూడగానే చెయ్యి ఆగలేదు. అక్కడ వాడు గెలిచాడు. సైకిలు మాత్రం చూసే వదిలేశాను. నాకు రాదని నేను చెబితే కోర్టు నమ్మదు. మనింట్లో ఎవరు చదివినా నవ్వుతారు, నాన్నయితే అక్కడికక్కడే పట్టేస్తారు అనుకున్నాను. తొమ్మిదేళ్ళు చూశాను, ఎవరైనా నవ్వుకుంటూ వస్తారని." ఇంత చెప్పి నువ్వు మంచినీళ్ళడిగావు. గ్లాసు ఇచ్చేటప్పుడు నీ మొహం చూడలేకపోయాను. వాడి మీద పెంచుకున్న కక్షలో సగం ఆ క్షణంలో దారి తప్పి, బోర్లా పెట్టిన ఫోటో మీదకీ, నా మీదకీ వచ్చి పడింది.

సైకిలు సంగతి రాశాను. ఆధారం చూపించాలి కదా: 'నిందితుడి చెల్లెలు, అప్పుడు పదమూడేళ్ళు, ఈ పరిశోధకురాలు' అని కింద పెట్టాను. ఈ ఒక్క ముక్కతో కేసు మళ్ళీ తెరవమని అడగొచ్చని నేను కలిసిన లాయరు అంటోంది. ఆ పని జరుగుతుంది, నువ్వు వద్దన్నా జరుగుతుంది.

మార్చిన పేజీలు నిన్న వాడికే తీసుకెళ్ళి ఇచ్చాను. ఈసారి నా ఎదురుగానే చదివాడు. నా ఆధారం దగ్గర కళ్ళు ఆగిపోయాయి. ఫ్యాను గాలికి కాగితం ఎగురుతుంటే అరచెయ్యి అడ్డం పెట్టి, ఇంకొకసారి చదివాడు. పెన్నుకి మూత పెట్టబోయి ఆగి, తలెత్తకుండా, "ఇంకేమైనా దిద్దాలా అమ్మా?" అన్నాడు. నేను బయటికొచ్చేశాను. తలుపు దానంతటదే మూసుకుంది.

ఆదివారం బస్సెక్కే ముందు నువ్వన్న మాట అప్పట్నుంచీ నన్ను తినేస్తోంది. "ఆ ఎత్తు కనిపెట్టినవాడే కదే వాడు. తనమీద వేస్తే గుర్తుపట్టకుండా ఎలా దిద్దుతాడు?" అన్నావు. నిజమే. వాడు అలవాటుగా పడిపోయి ఉంటే నేను గెలిచినట్టు. తెలిసే దిద్ది, తెలిసే సంతకం పెట్టి ఉంటే, ఆ పేజీ నేను రాబట్టింది కాదు, వాడు ఇచ్చింది. ఇచ్చినదాన్ని పైకెత్తి చూపించి నవ్వితే, కోర్టులో వాడికీ నాకూ తేడా ఎక్కడుంది? ఇలా అనుకుంటూనే, నువ్వు గుమ్మంలో నిలబడిన తీరు గుర్తొచ్చి, తేడా లేకపోతే లేకపోనీ అని కూడా అనుకుంటున్నాను.

శుక్రవారం థీసిస్ ఇచ్చెయ్యాలి. బైండింగ్ షాపతను అనుబంధాలు రేపటికల్లా ఇమ్మన్నాడు. నూట పన్నెండో పేజీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. రెండుసార్లు తీసి బల్లమీద పెట్టాను, రెండుసార్లూ మళ్ళీ లోపల పెట్టేశాను. దాన్ని జతచెయ్యాలో వద్దో నాకు తెలియడం లేదు అన్నయ్యా. వాడు పడ్డాడో, ఒప్పుకున్నాడో అంతకన్నా తెలియడం లేదు.

నువ్వు దిద్దిన వయసు గల
నీ చెల్లి