నా గ్రాఫు, యాదగిరి ప్లగ్గు

శనివారం, మెట్టుగూడ

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. సైలెన్సర్ గొట్టానికి, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే సెన్సరు బిగించి, ల్యాప్‌టాప్ పక్క సీట్లో పెట్టుకుని, కాప్రా దాకా కారు నడిపి రికార్డు చేశాను. వేగం పెంచినప్పుడల్లా ఇంజనుకు పెట్రోలు చాలడం లేదని గ్రాఫులో స్పష్టంగా ఉంది. ఇలాగే వదిలేస్తే ఇంజను మరీ వేడెక్కి పిస్టన్లు కాలిపోతాయి. షెడ్డుకి తీసుకెళ్ళి చూపిస్తే మెకానిక్ యాదగిరి ల్యాప్‌టాప్ తెర వైపు చూడనైనా లేదు.

"గివన్నీ మీకెందుకు మేడమ్? సార్‌ని పంపుండ్రి, మాట్లాడ్త."

"కారు నాది. సార్‌కి డ్రైవింగే రాదు."

నవ్వుతూ స్పార్క్ ప్లగ్గు విప్పాడు. "జెర రంగు చూడుండ్రి, తెల్లగైంది. పెట్రోల్ సాల్తలేదు. గింత దానికి కంప్యూటర్ ఎందుకు?"

నేను అరగంటగా మొత్తుకున్నది అదేగా! నేను చెబితే నిజం కాలేదు, ప్లగ్గు చెబితే అయింది.

అతని మీద కోపం సరే. ఆ ప్లగ్గు చూశాకే నా గ్రాఫు మీద నాకూ నమ్మకం కుదిరిందే, దానికి ఎవరిని తిట్టను...