కంటి చుక్క, పిల్లికూతలు

మంగళవారం రాత్రి, ప్రొద్దుటూరు

పెన్ను మూత మళ్లీ ఎవరో ఎత్తుకుపోయారు.

కంట్లో ప్రెషర్ తగ్గేందుకు చుక్కల మందు మొదలుపెట్టినప్పట్నుంచి రొమ్ములో పిల్లికూతలు. మిద్దె మెట్లెక్కలేకపోతున్నాను. జమ్మలమడుగులో కంటి డాక్టరమ్మ మందు రాసేముందే "ఆయాసముందా తాతా?" అని అడిగింది. "మా ముసల్ది అరిస్తే వస్తాది తల్లీ" అని నవ్వించాను గానీ, చిన్నప్పటి ఉబ్బసం సంగతి చెప్పలేదు. మందు మానితే చూపు పోతుందేమో, వేసుకుంటే ఊపిరి... రేపు మొదటి బస్సుకే పోయి నిజం చెప్పేయాలి. మళ్లీ నవ్వించకుండా ఉండగలనో లేదో.

ఇంకొకటి. ఇందాక మా ముసల్ది చుక్క వేస్తుంటే కావాలనే రెప్ప గట్టిగా మూసేశాను. మందంతా చెంప మీదికి జారింది.

"ఏందిది, ఏడుస్తాండావా మామా?" అని కొంగుతో తుడిచింది.

అవునని ముక్కు కూడా చీదాను.