ఆ గాడిద నాదే

థార్న్‌బెక్, మే 6

శ్రీమతి హిల్డా సగ్డెన్ గారికి, తమ మీద ఒక్క ఓటు ఆధిక్యంతో వరుసగా నాలుగోసారి గెలిచిన కౌన్సిలర్ సిరిల్ బాటమ్లీ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను, నా భార్య మేవిస్ క్షేమం. ఓడినవాళ్ళని క్షేమమా అని అడగడం మర్యాద కాదు గనుక అడగడం లేదు.

అసలు విషయానికొస్తాను. నిన్న లెక్కింపులో అనుమానపు ఓట్లంటూ ఎన్నికల అధికారి మనిద్దరికీ కొన్ని కాగితాలు చూపించాడు కదా. అందులో ఒకదాని మీద, నా పేరు పక్క గడిలో, ఇంటూ గుర్తు పెట్టాల్సిన చోట టోపీ పెట్టుకున్న గాడిద బొమ్మ ఉంది. ఇది మొదటిసారి కాదు. నేను నిలబడ్డ నాలుగు ఎన్నికల్లోనూ అదే గాడిద, అదే టోపీ. ఆ టోపీ అచ్చం నాదే! బొమ్మ గడి దాటలేదు, ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంది, కాబట్టి అది నా ఓటే అని అధికారి తేల్చాడు. సరే, సీటు దక్కింది. పరువు సంగతేమిటి?

ఈ వార్డులో నా మీద అంత కడుపుమంట ఉన్న మనిషి ఒక్కరే. ఆ మనిషికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
కౌన్సిలర్ సి. బాటమ్లీ

తా.క.: సంత వీధి మరుగుదొడ్డిని మూసేసి కాఫీ కొట్టుకి అమ్మే తీర్మానం జూన్ ఒకటిన సభ ముందుకొస్తుంది. దాన్ని కాపాడతానని మీరు ఓట్లడిగారు, అమ్మిస్తానని నేనడిగాను. జనం తీర్పు చెప్పేశారు.

*

థార్న్‌బెక్, మే 9

సిరిల్‌కి హిల్డా వ్రాయునది. నేనూ నా కోళ్ళూ కులాసా.

బళ్ళో నా పక్కన కూర్చుని ముక్కు చీదుకున్నవాడివి, నాకు ఈ 'తమరు' ఎప్పట్నుంచి? నిన్ను తిట్టాలంటే సంతలో నిలబెట్టి తిడతాను గానీ, ఓటేసి తిడతానా?

ఇంకో మాట. అధికారి 'తేల్చాడు' అని రాశావే, ఆయన ఆ కాగితాన్ని చెల్లదని పక్కన పెట్టబోతుంటే "ఆ గాడిద నాదే! అయ్యా, ఆ గాడిదని నేనే!" అని హాలు దద్దరిల్లేలా అరిచిందెవరు? పక్కనే నిలబడ్డ నాకు చెవులు గింగుర్లెత్తాయి.

పరువు గురించి మాట్లాడావు గనుక మన వార్డు చరిత్ర గుర్తుచేస్తాను. మీ నాన్న, మా మామగారు పాతికేళ్ళు ఒకరి మీద ఒకరు పోటీ చేశారు. పోలింగు రోజున ఇద్దరూ కలిసి బడికి నడిచి వెళ్ళేవాళ్ళు. మీ నాన్న ఓటు మా మామగారికి, ఆయన ఓటు మీ నాన్నకి. తన ఓటు తనకే వేసుకునేవాడు ముష్టివాడితో సమానం అనేవాళ్ళు. అదీ మన ఆనవాయితీ. నిజం చెప్పు సిరిల్, నువ్వు ఆనవాయితీ పాటిస్తున్నావా?

ఇట్లు,
హిల్డా

తా.క.: లెక్కింపుకి వస్తూ దారిలో నువ్వు పరుగెత్తింది సంత వీధి మరుగుదొడ్డికేగా? బస్సులోంచి చూశాను. కాఫీ కొట్టు పెట్టాక ఎక్కడికి పరుగెత్తుతావో ఆలోచించుకున్నావా?

*

థార్న్‌బెక్, మే 15

హిల్డా గారికి సిరిల్ వ్రాయునది.

ఓటు రహస్యం. అది చట్టం. ఆనవాయితీ గురించి ఇంకేమీ మాట్లాడదలుచుకోలేదు.

గాడిద మీ పని కాదంటున్నారు కనుక, తాత్కాలికంగా నమ్మి దర్యాప్తు మొదలుపెట్టాను. నాకు కసాయి పెర్సీ స్లాక్ మీద అనుమానం. వాడి కొట్టు ముందు పందిరికి నేను అనుమతి ఇవ్వలేదు. అందుకని పబ్బులో గాడిద బొమ్మల పోటీ పెట్టించాను. బహుమతి ఒక పంది తొడ. ఎందుకో చెప్పలేదు, చర్చి పండగ కోసమన్నాను. ఊరంతా గీశారు. పెర్సీ గాడిద కుక్కలా ఉంది, వాణ్ణి వదిలేశాను. పాస్టరు గారి గాడిదకి చెవులు అనుమానాస్పదంగా ఉన్నాయి. అన్నిటికన్నా ఘోరం, మేవిస్ కూడా గీసింది. దాని గాడిద కళ్ళజోడు పెట్టుకుని, నోరు తెరుచుకుని, కుర్చీలో గురక పెడుతోంది.

ముప్ఫయ్యేళ్ళ కాపురం! ఇంట్లోవాళ్ళని కూడా నమ్మే రోజులు కావివి.

ఇట్లు,
సిరిల్ బాటమ్లీ

తా.క.: మీరొక్కరే పోటీకి బొమ్మ పంపలేదు. రాసిపెట్టుకున్నాను.

*

థార్న్‌బెక్, మే 18

ఒరే సిరిల్,

నీకు దణ్ణం పెడతాను, ఆ వెతుకులాట ఆపు. కూర్చున్న కొమ్మని నరుక్కుంటున్నావురా!

ఇన్నేళ్ళు కౌన్సిలర్‌వి, నిబంధనలు చదివావా? ఓటు కాగితం మీద గుర్తుని బట్టి ఓటరెవరో తెలిసిపోతే ఆ కాగితం చెల్లదు. నువ్వు గాడిదని పట్టుకున్న రోజున నీకు ఒక ఓటు తగ్గుతుంది. అప్పుడు మనిద్దరం సమానం. మీ నాన్న కాలంలో ఓసారి అలాగే జరిగితే పేకముక్కలు తీయించారు. మీ నాన్నకి రాణి వచ్చింది, మా మామగారికి జాకీ వచ్చింది. ఆ జాకీ ముక్కని ఇంటికి తెచ్చి మా మామగారు చచ్చేదాకా అద్దం పక్కనే పెట్టుకున్నాడు, కోపంతో. గెలుపు మీద ఫిర్యాదు చేయడానికి మూడు వారాల గడువుంటుంది. అందాకా నోరు మూసుకుని కూర్చో.

ఇట్లు,
హిల్డా

తా.క.: మేవిస్ బొమ్మ చూశాను. పంది తొడ దానికే రావాలి. పోలిక బాగా కుదిరింది.

*

థార్న్‌బెక్, మే 24

హిల్డాకి,

దర్యాప్తు ఆపేశాను. గాడిదలన్నిటినీ పెరట్లో తగలబెట్టాను. మేవిస్ తన గాడిదని ఇవ్వనంది. అది వంటింట్లో గోడెక్కింది. తను పక్క గదిలోకి మారింది.

కానీ నాకు నిద్ర పట్టడం లేదు. నేను ఓడితే నీకే లాభం కదా, మరి నన్నెందుకు హెచ్చరించావు? ఎవరినో కాపాడుతున్నావు. లేదా గడువు ఆఖరి రోజున ఫిర్యాదు పడేద్దామని పొంచి ఉన్నావు. మొన్న నువ్వు డబ్బాలో ఉత్తరం వేస్తుంటే కిటికీలోంచి చూశాను. అది నాకే రాసిందని తెలిశాక కూడా అనుమానం తీరలేదు.

ఒక్క మాట చెప్పు. ఆ గాడిద ఎవరిదో నీకు తెలుసా?

ఇట్లు,
సిరిల్

తా.క.: పంది తొడ పాస్టరు గారికి ఇచ్చేశాను. చెవుల గురించి ఆయన బాధపడ్డారు.

*

థార్న్‌బెక్, మే 29

సిరిల్‌కి హిల్డా వ్రాయునది.

మొన్న శుక్రవారంతో గడువు తీరింది. ఇక నీ గెలుపుని ఎవడూ కదిలించలేడు. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఆ గాడిద నాదే.

మా మామగారు పోయేముందు నా చెయ్యి పట్టుకుని "నిలబడితే నిలబడమ్మా, ఆనవాయితీ మాత్రం తప్పొద్దు" అన్నాడు. మాటిచ్చాను. నాలుగుసార్లూ నా ఓటు నీకే వేశాను. వెయ్యడమైతే వేశాను గానీ, ఆ దారం కట్టిన పెన్సిలు పట్టుకుని నీ పేరు ఎదురుగా ఇంటూ పెట్టబోతే ఒక్కసారీ చెయ్యి రాలేదురా. అందుకే గాడిద.

ఈసారి మాత్రం చాలా సేపు నిలబడిపోయాను. ఆర్థర్ గుర్తొచ్చాడు. మా ఆయన ఆఖరి ఏడాది సంతకొచ్చి నలుగురితో మాట్లాడగలిగాడంటే, పక్కనే ఆ మరుగుదొడ్డి ఉందన్న ధైర్యంతోనే. అది లేకపోతే గడప దాటేవాడు కాదు. అలాంటివాళ్ళు ఈ వార్డులో ఇంకా ఎందరున్నారో నీకూ తెలుసు. నా ఓటు నాకు వేసుకుందామా అని మనసు పీకింది. మాట తప్పలేకపోయాను. ఏడుస్తూ గీశాను గాడిదని.

నీ ఓటెక్కడ పడిందో అడగను. రహస్యం కదా! తేడా ఒక్క ఓటేరా సిరిల్. లెక్క నువ్వే వేసుకో.

ఇట్లు,
హిల్డా

తా.క.: మేవిస్‌కి క్షమాపణ చెప్పు.

*

థార్న్‌బెక్, జూన్ 2

హిల్డాకి సిరిల్ వ్రాయునది.

మేవిస్‌కి క్షమాపణ చెప్పి, నీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని "మరి నువ్వెవరికి వేశావు?" అంది. ఓటు రహస్యం అన్నాను. గోడ మీది గాడిదని ఓసారి చూసి, నన్నోసారి చూసి, టీ పెట్టడానికి లేచింది.

నిన్న సభలో సంత వీధి తీర్మానం వచ్చింది. అమ్మాలని ఆరుగురు చేతులెత్తారు, వద్దని ఆరుగురు ఎత్తారు. అందరూ నావైపు చూశారు. నేను వద్దన్నవాళ్ళతో చెయ్యెత్తాను. మావాళ్ళు మీద పడ్డారు. "ఊరంతా తిరిగి అమ్మిస్తానన్నావు, ఇప్పుడీ తిక్క వేషాలేమిటయ్యా? గాడిదవా నువ్వు?" అని అరిచారు.

అవునన్నాను. అది అధికారికంగా తేలిన విషయమేనని చెప్పాను.

బయటికొచ్చి నేరుగా సంత వీధికి వెళ్ళాను. అవసరమై కాదు, ఊరికే ఓసారి చూద్దామని. ఆర్థర్ అక్కడ బెంచీ మీద కూర్చునేవాడు కదూ? నేనెప్పుడూ ఆగి పలకరించలేదు.

ఇట్లు,
సిరిల్

తా.క.: వచ్చే ఎన్నికల్లో బడికి కలిసే నడిచి వెళ్దాం. నాకు గాడిద రాదు గానీ, నీకోసం కోడిని సాధన చేస్తున్నాను. ఎంత ప్రయత్నించినా తోక గడి దాటిపోతోంది.