ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు

ఫిబ్రవరి 12

పొద్దున తరిగొప్పులల పెళ్లి. మాపటికి జనగామల రెండు పరామర్శలు. ఎమ్మెల్యే అయి రెండేండ్లు దాటింది, ఇంట్ల కంటె కార్లనే ఎక్కువ కూసుంటున్న.

మధ్యల గుట్టకింది తండా దగ్గర రామి కారుకు అడ్డం నిలబడ్డది. దరఖాస్తు లేదు, ఏడుపు లేదు. దిగి రా అక్కా, చూపిస్త అన్నది. పోయిన. ఆమె పెనిమిటి సక్రు మంచం మీద కూసొని ఉన్నడు. పడుకుంటె ఊపిరి ఆడదట. గుట్ట మీది కంకర క్రషర్ల తొమ్మిదేండ్లు చేసిండు. నలభై రెండేండ్ల మనిషి, అరవై దాటినట్టు ఉన్నడు. దండెం మీది బట్టలు, మిరప చెట్లు, బర్రె వీపు, అన్నిటికీ ఒకటే బూడిద రంగు.

పల్లె దవాఖానకు తాళం. సిస్టర్ వారానికి ఒకసారి వస్తదట. ఎక్స్‌రేకు జనగామ పోవాలె, బస్సు లేదు.

అసెంబ్లీల అడుగు అక్కా అన్నది రామి. వేరే ఏం అడగలే.

ఫిబ్రవరి 13

నా పీఏ యుగేందర్ ప్రశ్న టైప్ చేసి తెచ్చిండు. "ఈ క్రింది విషయములను దయతో తెలియజేయుదురా?" క్రషర్ దుమ్ముతో తండా జనం రోగాల పాలవుతున్న మాట వాస్తవమేనా, అయితే తీసుకున్న చర్యలేంది, దవాఖానకు డాక్టర్‌ను ఎప్పుడు వేస్తరు. "దయతో" తీసెయ్యమన్న. అది ఫార్మాట్ మేడం అన్నడు. ఉండనీ.

ఫిబ్రవరి 20

రోజంతా మహబూబాబాద్‌ల పార్టీ మీటింగ్. ఏం మాట్లాడిన్నో యాదికి లేదు.

మార్చి 3

ప్రశ్న అడ్మిట్ అయింది. పదిహేడో తారీఖు, ఆరో నంబర్. ఆరోది అంటె ప్రశ్నల గంటల రావుడు కష్టం మేడం అన్నడు యుగేందర్.

మార్చి 9

క్రషర్ పర్మిషన్ ఫైల్ నకలు తెమ్మని యుగేందర్‌ను పంపిన. తెచ్చి టేబుల్ మీద పెట్టి, పోకుండ అట్లనే నిలబడ్డడు.

2016 గ్రామసభ తీర్మానం. నూట ఇరవై మంది హాజరై, క్రషర్‌కు అభ్యంతరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించిన్రట. దగ్గరి ఆవాసం ఒకటిన్నర కిలోమీటరు దూరంల ఉందట. కింద సర్పంచ్ సంతకం. నాది.

అప్పుడు మా ఊరికి నేను సర్పంచ్‌ను. తండా ఇంకా మా పంచాయతీలనే ఉండె, వేరే పంచాయతీ అయింది 2018ల. సీటు మహిళలకు వచ్చిందని నన్ను నిలబెట్టిన్రు. కాగితాలు నా భర్త జగపతి తెస్తుండె. నేను వంటింట్ల ఉంటె వంటింట్లకే తెస్తుండె. చెయ్యి తుడుచుకొని ఆయన వేలు పెట్టిన కాడ పెడుతుంటి. ఈ కాగితం యాదికి లేదు. ఒక్క కాగితమన్న ఇదేంది అని అడిగిన యాది కూడ లేదు. ఆ గ్రామసభ జరగలేదు, అది మాత్రం తెలుసు. నూట ఇరవై మందిని మా ఊర్ల గ్రామసభల నేను ఎన్నడు చూడలే.

తండా చివరి ఇంటికీ క్రషర్‌కూ మూడొందల మీటర్లు ఉంటె ఎక్కువ. సక్రు మంచం మీదికెల్లి లారీ నంబర్ ప్లేటు కనిపిస్తది.

మార్చి 10

ఆ తీర్మానం జగపతి ముందల పెట్టిన. చదవలే. చదివే పని లేదాయనకు. క్రషరోళ్లు మనోళ్లే, అప్పుడు ఊరికి రోడ్డు ఏసిన్రు, అందరు సర్పంచ్‌లు పెట్టినట్టే నువ్వూ పెట్టినవ్ అన్నడు. ప్రశ్న వాపస్ తీసుకో విజయా, మంత్రి లేచి నీ కాగితమే నీ ముందల చదువుతడు, నలుగుట్ల ఇజ్జత్ పోతది అన్నడు.

మాపటికి పార్టీ పెద్దాయన ఫోన్. ఆయనకు ఎవరు చెప్పిన్రో అడగలే. ఒంట్ల బాగలేదని ఇంట్లనే ఉండమ్మా అన్నడు. నిజంగనే బాగలేదు.

మార్చి 11

వాపస్ లెటర్ రాసిపెట్టిన. పంపలే.

మార్చి 12

రామి ఫోన్ చేసింది. సక్రును జనగామ దవాఖానల చేర్చిన్రు, ఆక్సిజన్ పెట్టిన్రు. వెనుక ఎవరో లంబాడీల మాట్లాడుతున్నరు. అసెంబ్లీ ఎప్పుడక్కా అని అడిగింది. పదిహేడు అని నోట్లకెల్లి వచ్చింది. ఫోన్ పెట్టేసి లెటర్ చింపిన.

మార్చి 17

మొదటి ప్రశ్నకే నలభై నిమిషాలు లొల్లి. మూడోది నడుస్తుంటె గంట అయిపోయింది. మిగిలినవాటికి సమాధానం ఇచ్చినట్టే భావించాలట. నా ప్రశ్నకు జవాబు కాగితం మీద వచ్చింది.

(అ) లేదండి.
(ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.
(ఇ) పరిశీలనలో ఉంది.

మంత్రి లేవలే. నా కాగితం ఎవ్వరు చదవలే. ఇగ ఇంటికి పోవచ్చు, అడిగిన అని రామికి చెప్పుకోవచ్చు. ఒక నిమిషం పానం హాయిగ అనిపించింది. అది రాయకుండ ఉండొద్దు.

జీరో అవర్ల చెయ్యి లేపిన. రెండు నిమిషాలు ఇచ్చిన్రు. ఈ జవాబు అబద్ధం అధ్యక్షా, దీనికింద ఉన్న మొదటి అబద్ధం నాది, అప్పటి సర్పంచ్‌ను నేనే, గ్రామసభ జరగలే, దూరం తప్పు, మనుషులను పంపి కొలిపియ్యండి అన్న. అటు దిక్కు నవ్విన్రు. మా దిక్కు తలకాయలు దించుకున్నరు. సక్రు గురించి మొదలు పెట్టేటాలకు మైక్ కట్ అయింది.



మార్చి 18

"తప్పు ఒప్పుకున్న ఎమ్మెల్యే." అన్ని పేపర్లల నా ఫొటో. తండా పేరు ఒక్క దాంట్ల లేదు. పార్టీ సంజాయిషీ నోటీసు పంపింది. జగపతి ప్లేటు పట్టుకొని అరుగు మీదికి పోయి తింటున్నడు.

మార్చి 27

కొలిచేటోళ్లు వచ్చిన్రు. తండా మొత్తం టేపు వెంట నడిచింది. రెండొందల ఎనభై మీటర్లు. సాయంత్రానికి క్రషర్ బంద్ పెట్టమని ఆర్డర్. ఎన్ని రోజులు బంద్ ఉంటదో ఎవరు చెప్పలే.

తిరిగి వస్తుంటె క్రషర్ల పనిచేసే తండావాళ్లే పదకొండు మంది కారు ఆపిన్రు. వాళ్లల్ల కుమార్ అనేటాయన, దుమ్ము ఆపుమన్నం గని పని ఆపుమన్నమా అక్కా, రేపటి సంది ఏం తినాలె అన్నడు. ఉపాధి పనుల గురించి ఏదో చెప్పిన. నాకే నమ్మకం కలగలే.

మార్చి 29

జనగామ దవాఖాన. సక్రు ముక్కుకు పైపు పెట్టుకొని నిద్రపోతున్నడు. రామిని బయట బెంచి మీదికి తీసుకపోయిన. పేపర్ల పడ్డంక చెప్పేదేముంది గని, నా నోటితోని చెప్పాలె అనిపించింది. ఆ కాగితం మీద ఉన్నది నా సంతకమే రామీ అన్న.

ఆమె సంచిలకెల్లి జొన్నరొట్టె తీస్తున్నది. తెలుసక్కా అన్నది. నకలు మా ఇంట్ల మూడేండ్ల సంది ఉంది, మా బిడ్డ సుమన దరఖాస్తు పెట్టి తీసింది అన్నది.

మరి ఆ రోజు ఎందుకు చెప్పలే అని అడిగిన.

చెప్తె కారు దిగుదువా అన్నది. కోపం లేదు గొంతుల. నువ్వు ఎమ్మెల్యేవని రాలేదక్కా, ఎమ్మెల్యేలు శానమంది వచ్చిన్రు పోయిన్రు, సంతకం పెట్టినదానివి నువ్వు గనుక నువ్వే తియ్యాలె అని నీ దగ్గరికి వచ్చినం అన్నది.

రొట్టె సగం తుంచి నా చేతిల పెట్టింది. ఇద్దరం తిన్నం. గట్టిగ ఉండె.

ఏప్రిల్ 4

సక్రును ఇంటికి పంపిన్రు. ఇది తగ్గేది కాదు, పెరగకుండ చూసుకోవాలె అన్నరట డాక్టర్లు.

ఏప్రిల్ 8

తండాకు ఎక్స్‌రే వ్యాన్ వచ్చింది. నేను కూడ లైన్ల నిలబడ్డ. ఎక్స్‌రే తీసేటాయన ఊపిరి బిగపట్టమన్నడు. బిగపట్టిన.