అత్త లెక్క

నగరి, 1982 డిసెంబరు, మంగళవారం రాత్రి

ఇవాళ అత్తకు పోగుల లెక్క తప్పింది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎన్నడూ ఇలా జరగలేదు.

మా ఇంట్లో మాట్లాడుకునేది అరవమే. పుట్టిందీ ఓటు వేసేదీ మాత్రం నగరిలోనే. మగ్గం పడుగు సరిచూసేటప్పుడు అత్త వీధికి వినబడేలా అరవంలోనే లెక్కపెడుతుంది. పొద్దున అలా లెక్కపెడుతుంటే ఎదురింటి మునిరత్నం కొత్త పార్టీ వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను ఇచ్చిన మజ్జిగ తాగాడు.

“అక్కా, ఈసారి తెలుగోళ్లంతా ఒకటి కావాల,” అన్నాడు. తర్వాత అత్త వైపు తిరిగి, “ఏం అవ్వా, ఈడ ఉండుకోని లెక్క గూడా అరవంలోనేనా?” అని నవ్వాడు. వెంట వచ్చినవాళ్లు నవ్వలేదు. వాళ్లలో ఒకడు మా తలుపును, కిటికీని నిదానంగా చూసి వెళ్లాడు. ఆ చూపే నన్ను వదలడం లేదు.

ఆ తర్వాత అత్త నోరు మెదపకుండా వేళ్లతోనే లెక్కపెట్టింది. సాయంత్రం చూస్తే పోగులు తక్కువ పడ్డాయి.

మునిరత్నం చెడ్డవాడు కాదు. మా పెళ్లిలో పంక్తికి అరిటాకులు వేసినవాడు. ఓట్లు అయిపోతే మళ్లీ మామూలుగానే ఉంటాడేమో. ఉండకపోతే ఎక్కడికి పోవాలి? మాకు ఇంకో ఊరు లేదు.

తలుపు గడియ వేశాక మా ఆయన అత్త పక్కన కూర్చుని, “ఈ ఓట్లు అయ్యేదాకా మెల్లింగా మాట్లాడమ్మా,” అన్నాడు.

ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. అయినా ఆయన కన్నతల్లితో ఆ మాట తెలుగులో అన్నాడు.