పంటినొప్పని వెళ్తే

సిడ్నీ, గురువారం

అమ్మా లోర్నా,

నాన్నకు ప్రాణభయం లేదంటున్నారు, ముందు ఊపిరి పీల్చుకో.

ప్రభుత్వ దంతవైద్యశాలలో వరుస పెద్దదని మాకు వోచరు ఇచ్చి, ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు కదా. పోయిన వారం వెళ్లాం. “ఊరికే వచ్చిన వోచరు కదా, పన్ను పీకి పంపేస్తుంది చూడు,” అని మీ నాన్న వెటకారం. ఆ డాక్టరమ్మ పన్ను ముట్టుకోనే లేదు. నాలుక పక్కకు లాగి చూసి అలాగే ఆగిపోయింది.

“ఈ పుండు ఎప్పట్నుంచి ఉందండీ?”

“అదా? పన్ను గీరుకుందమ్మా. పన్ను పీకెయ్, అదే మానుతుంది.”

“పన్ను సంగతి తర్వాత. మీరు రేపే సిడ్నీ వెళ్లాలి,” అంటూ ఫోను అందుకుంది.

మర్నాడే బయల్దేరి వచ్చాం. ఇక్కడ పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సరేనట. చిన్నదిగా ఉండగానే దొరికిందట, రేపు కోసి తీసేస్తారు. పంటినొప్పని వెళ్లిన మనిషమ్మా! ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. మీ నాన్న నోట ఒక్క జోకు లేదు, నా చెయ్యి వదలడం లేదు.

కోళ్లకు నీళ్లు పెడుతున్నావా? నా చలికోటు బస్సులో పంపు. అల్లుడు సిగరెట్లు తాగుతాడు కదా, ఇవాళే నోరు తెరిపించి నాలుక కింద టార్చి వేసి చూడు. నవ్వినా సరే, వదలకు.

పిల్లలకు ముద్దులు, మీ ఇద్దరికీ దీవెనలు.

అమ్మ