మూసిన గదిలో మాట్లాడుతున్న టెర్మినళ్లు

గౌరవనీయులైన ఉపసంచాలకుల వారి సముఖమునకు,
పరికరాల సరఫరా విభాగం, సికింద్రాబాద్.

అర్జీదారు: ఎం. సైలస్, శిక్షకుడు, అంధుల కంప్యూటర్ శిక్షణ కేంద్రం, కార్ఖానా.

విషయం: తమరు ఇప్పించిన లైనక్స్ టెర్మినళ్ల శబ్దం మా చెవులకు గాక, తాళం వేసిన గదికి చేరుచుండుట గురించి.

అయ్యా,

మా కేంద్రంలో నేర్చుకునేవారు, నేర్పే నేను, అందరమూ చూపు లేనివారమేనని తమకు విదితమే. తెరపై ఉన్నదాన్ని కంప్యూటర్ పైకి చదివి వినిపిస్తేనే మాకు పని సాగుతుంది.

1. సదరు టెర్మినళ్లకు సొంత బుర్ర లేదు. పక్క గదిలోని సర్వరే అన్నిటికీ కలిపి ఆలోచించి పంపుతుంది. బిగించిన కొత్తలో అవి నిద్ర లేవనే లేదు. స్విచ్చి వేయగానే టెర్మినల్ "నేనెవరిని?" అని అడిగితే, సర్వర్ కంటే ముందు మా ఆఫీసులోని ఇంటర్నెట్ డబ్బా ఏదో తప్పు జవాబిచ్చేదట. ఆ డబ్బా తీగ పీకేశాం, టెర్మినళ్లు లేచాయి. ఆ రోజు మిఠాయి కూడా పంచుకున్నాం.

2. తరువాత తెలిసినదేమనగా, ఏ టెర్మినల్ మీద టైపు చేసినా దాన్ని చదివే గొంతు ఆ టెర్మినల్ హెడ్‌ఫోనులో రావడం లేదు. సర్వర్ స్పీకర్లో వస్తోంది. భద్రత నిమిత్తం ఆ గదికి తాళం వేసి, తాళంచెవిని తమ కార్యాలయంలో ఉంచుకున్నారు. తలుపు అవతల మా పిల్లలందరి అక్షరాలూ ఒకేసారి కలగాపులగంగా వినబడుతుంటాయి. ఏది ఎవరిదో దేవుడికే ఎరుక.

3. బిగించిన సంస్థ తరఫున వచ్చిన విజయేందర్ గారికి మొరపెట్టుకున్నాను. ఆయన ఒక్కొక్క టెర్మినల్ ముందు నిలబడి, "స్క్రీన్లన్నీ మంచిగనే కనవడుతున్నయి సార్, ఇంక తక్లీఫ్ ఏందీ?" అన్నారు. శబ్దం సంగతి విన్నవించగా, "ఆవాజ్ వస్తుంది గద సార్. ఎక్కడ రావాల్నో మా ఆర్డర్ల రాయలేదు" అన్నారు. వెలుగుతున్న తెరల ఫోటోలు తీసుకుని వెళ్లారు. ఫిర్యాదు పరిష్కరించబడినదన్న తమ జవాబుకు ఆ ఫోటోలే జతపరచబడినవి. మా వాచ్‌మన్ చూసి చాలా బాగున్నాయన్నాడు.

4. ఎవరి శబ్దం వారికి పంపేలా సర్వర్‌లో మార్పు చేయవచ్చునని తెలిసినవారు చెప్పారు. అందుకు పాస్‌వర్డ్ కావాలి. అది సంస్థ దగ్గర ఉన్నదని తమ కార్యాలయం, తమ కార్యాలయంలోనే ఉన్నదని సంస్థ చెబుతున్నాయి. దేవుడు కరుణించినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ పూజారి ఎవరో కూడా తేలడం లేదు.

5. మెట్టుగూడ నుంచి వచ్చే మా విద్యార్థిని హదస్సాకు వచ్చే మంగళవారం టైపిస్టు ఉద్యోగపు పరీక్ష. పరీక్షా కేంద్రం మాదే, టెర్మినళ్లు ఇవే. వయోపరిమితి వల్ల ఆమెకు ఇదే ఆఖరు అవకాశం. ప్రశ్నపత్రం ఆమె తెరమీదకు వస్తుంది, ఖాళీ గదికి చదివి వినిపించబడుతుంది. ఆమె అంత తప్పుల్లేకుండా టైపు చేసేవారిని నేను ఇంతవరకు ఎరుగను. నాకు నిద్ర పట్టడం లేదు సార్. ఇది ఏ నిబంధన కింద రాయాలో తెలియక అయిదో నంబరు కింద రాశాను.

కావున పరీక్షలోపు ఆ గది తలుపైనా తెరిపించవలెనని, అదీ వీలుకాకుంటే కాదని నోటిమాటగా చెప్పించవలెనని ప్రార్థన. తమరు చిత్తగించి, కాస్త చెవిన కూడా వేసుకోవలెను.

తమ విధేయుడు,
ఎం. సైలస్

తా.క.: అర్జీ ముగించాక హదస్సా వచ్చింది. "అర్జీలకెల్లి నా పేరు తీసెయ్యుండ్రి సార్. నేను మంగళవారం వస్తలేను" అని చెప్పి, హెడ్‌ఫోను తీగ చుట్టి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పేరు తీసేద్దామని కూర్చున్నాను. నేను టైపు చేస్తున్నది కూడా ఆ గదిలోనే చదవబడుతోంది, ఇంతసేపూ తలుపు దగ్గర నిలబడి విని చెప్పిన వాచ్‌మన్ ఇప్పుడు లేడు. ఆమె పేరు ఏ వరసలో ఉందో నాకు దొరకడం లేదు. తమకు కళ్లున్నవి గనుక తమరే వెతికి కొట్టివేయగలరు.